కాల్పులు ఆగాక ఆ ఊరు ఏమవుతుంది? తెలుగు న్యూస్ డెస్కులకు ఒక బహిరంగ లేఖ

తెలుగు వార్తా ఛానళ్ల ఎడిటర్లకు, విదేశీ వార్తలు చూసే డెస్క్ మిత్రులకు, వెబ్‌సైట్లు, యూట్యూబ్ వార్తలు నడిపేవాళ్లకు నమస్కారం.

అమెరికాలో ఏదో చిన్న ఊళ్లో కాల్పులు జరిగాయని ఏజెన్సీ ఫ్లాష్ పడగానే మన డెస్కుల్లో రెండే ప్రశ్నలు వినిపిస్తాయి. ఎంతమంది పోయారు? మనవాళ్లెవరైనా ఉన్నారా? రెండో ప్రశ్నకు అవునని జవాబొస్తే అది మూడు రోజుల వార్త. కాదంటే తెల్లారేదాకా స్క్రోల్, పొద్దున ఒక ప్యాకేజీ, మధ్యాహ్నానికి ఇంకో గొడవ. ఈ పద్ధతి నాకు బాగా తెలుసు. చాలా ఏళ్లు ఆ కుర్చీల్లోనే కూర్చుని విదేశీ కాపీ దిద్దినవాణ్ని. ఇప్పుడు బయటినుంచి చూస్తున్నాను కాబట్టి మొహమాటం లేకుండా నాలుగు మాటలు చెప్పే వీలు దొరికింది.

మనవాళ్లున్నారా అని అడగడం తప్పని నేననను. అమెరికాలో పిల్లలో అన్నదమ్ములో ఉన్న తెలుగు ఇళ్లు లక్షల్లో ఉంటాయి. అక్కడ పట్టపగలు తుపాకి పేలితే ఇక్కడ అర్ధరాత్రి ఫోన్లు మోగుతాయి. అవతల ఫోన్ ఎత్తేదాకా ఆ టెన్షన్ ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. 2023 మే 6న టెక్సస్‌లో డాలస్ పక్కనున్న అలెన్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోతే వాళ్లలో ఒక తెలుగమ్మాయి ఉంది. ఆ వార్త మనం ఇవ్వాల్సిందే. కానీ మిగతా ఏడుగురిలో చిన్న పిల్లలూ ఉన్నారన్న సంగతి మన ప్రేక్షకుల్లో ఎంతమందికి గుర్తుంది? మన అమ్మాయి ఇంటి ముందు మైకులు పెట్టి 'చివరిసారి ఏం మాట్లాడింది?' అని అడగడంతో మన పని అయిపోయిందనుకుంటాం. ఆ రోజు మాల్ ముందు పడి ఉన్న శవాల వీడియోలు ట్విట్టర్‌లో తిరిగాయి. ఇలాంటి వీడియోలకు మసక వేసి, ఎర్ర గుండ్రాలు గీసి వాడుకునే అలవాటు మన యూట్యూబ్ ఛానళ్లకు కొత్తేమీ కాదు. చనిపోయినవాళ్ల ఇంట్లో ఇంకా కబురు కూడా అందని గంటల్లో!

నా విన్నపం నిజానికి ఒక్కటే. మొదటి రోజు తగ్గండి, తర్వాత పెరగండి. ఇప్పుడు మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

మొదటి రోజు ఎందుకు తగ్గాలో చెప్తాను. 2012 డిసెంబరు 14న కనెటికట్ రాష్ట్రంలోని న్యూటౌన్‌లో, శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఇరవై మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్లు చనిపోయారు. ఆ మధ్యాహ్నం ప్రపంచమంతా హంతకుడంటూ చూపించింది ఎవరినో తెలుసా? హంతకుడి అన్నని. అతను ఆ ఊళ్లోనే లేడు. పేరు పొరపాటున బయటికొచ్చింది, ఛానళ్లు అతని ఫేస్‌బుక్ పేజీ దొరకబుచ్చుకుని ఫొటో వేసేశాయి. అది నేను కాదురా బాబూ అని ఆ అన్న తన పేజీలో రాసుకోవాల్సి వచ్చింది. తల్లి హత్యకు గురైంది, తమ్ముడు హంతకుడయ్యాడు. ఈ రెండు సంగతులూ మీద పడ్డ రోజునే మూడోది ఇది. హంతకుడి తల్లి ఆ బడిలోనే టీచరని కూడా చెప్పారు. అదీ అబద్ధమే.

పోనీ, మర్నాటికి సరిదిద్దుకున్నారు కదా అంటారా? దిద్దుబాటు ఎవరూ చూడరు, మొదటి మాటే నిలబడుతుంది. మొదటి రోజు తప్పుల్ని, మాటల్లో తేడాల్ని ఏరుకుని, అసలు అక్కడ పిల్లలే చావలేదని, అంతా నటులతో ఆడించిన నాటకమని ప్రచారం చేసినవాళ్లు బయల్దేరారు. వాళ్లలో అందరికన్నా పెద్ద గొంతు అమెరికాలో రేడియో, ఇంటర్నెట్ షో నడిపే అలెక్స్ జోన్స్‌ది. ఆ మాటలు నమ్మినవాళ్లు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్ని ఏళ్ల తరబడి వేధించారు. బెదిరింపులు తట్టుకోలేక ఇళ్లు మారినవాళ్లున్నారు. చివరికి 2022 అక్టోబరులో కనెటికట్ జ్యూరీ ఆయన 96.5 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పు చెప్పింది. మన యూట్యూబ్‌లో కూడా 'ఈ కాల్పుల వెనక అసలు కుట్ర' అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లున్నారు. వాళ్లు ఆ తీర్పు కాపీ ఒకసారి చదువుకుంటే మంచిది.

యువాల్డీ కథ ఇంకా దారుణం. అక్కడ తప్పు చెప్పింది విలేకరులు కాదు, ప్రభుత్వమే. టెక్సస్‌లో మెక్సికో సరిహద్దుకు దగ్గరగా పదిహేను వేల జనాభా ఉన్న ఊరది. 2022 మే 24న రాబ్ ప్రాథమిక పాఠశాలలో పందొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పోలీసులు ప్రాణాలకు తెగించి వేగంగా లోపలికి దూసుకెళ్లారు కాబట్టే నష్టం ఇంతటితో ఆగిందని మర్నాడు గవర్నర్ ప్రెస్‌మీట్‌లో మెచ్చుకున్నారు. రెండు రోజులు గడిచేసరికి తనకే తప్పుడు సమాచారం ఇచ్చారని మండిపడ్డారు. జరిగిందేమిటంటే, దుండగుడు లోపలికి వెళ్లాక పోలీసులు అతణ్ని మట్టుబెట్టడానికి 77 నిమిషాలు పట్టింది. ఆ గదుల్లోంచే పిల్లలు అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి పోలీసుల్ని పంపమని బతిమాలుతున్నారు. పోలీసులేమో బయట నడవాలోనే ఉన్నారు. ఆ రోజు బడి దగ్గరికి చేరిన రకరకాల బలగాలవాళ్లు మొత్తం 376 మంది అని టెక్సస్ శాసనసభ కమిటీ ఆ జులైలో లెక్క తేల్చింది.

ఆ ఊళ్లో ఒక బడి ఉద్యోగిని సంగతి కూడా చెప్పాలి. ఆమె తలుపు తెరిచి వదిలేయడం వల్లే దుండగుడు లోపలికి రాగలిగాడని అధికారులే ప్రకటించారు. ప్రపంచమంతా ఆ మాట పాకింది. కొన్ని రోజులకు వీడియో మళ్లీ చూసి, ఆమె తలుపు మూసే వెళ్లింది, తాళమే పడలేదని చెప్పారు. ఆ నాలుగైదు రోజులూ పదిహేను వేల మంది ఊళ్లో ఆమె ఎలా తిరిగి ఉంటుందో ఒక్కసారి ఊహించండి. మన బులెటిన్లలో ఆమె ఒక వాక్యం. మనకు పేరు కూడా అక్కర్లేదు, 'టీచర్ నిర్లక్ష్యం' అని ఒక గ్రాఫిక్ ప్లేటు చాలు.

'అధికారులు చెప్పారు' అని రాస్తే మన బాధ్యత తీరిపోదు. అధికారులు ఇంకా నిర్ధారించాల్సి ఉందని యాంకర్ చేత ఒక్క వాక్యం చెప్పించడానికి ఖర్చేమీ కాదు. కాకపోతే అది చెప్తే ఊపు తగ్గిపోతుందని మన భయం.

ఇక హంతకుడి ఫొటో సంగతి. స్టూడియో తెర మీద అతని ముఖం, పక్కన తుపాకి బొమ్మ, వెనక రక్తపు మరక, మధ్యమధ్య తూటా శబ్దం. 'ఎవరీ కిల్లర్?' అని అరగంట ప్రోగ్రాం. చనిపోయిన ఇరవై మందికీ కలిపి ఒక పాస్‌పోర్ట్ ఫొటోల వరస, అదీ అయిదు సెకన్లు. ఇలాంటివాళ్లలో చాలామంది కోరుకునేది సరిగ్గా ఇదే. 1999లో అమెరికాలోని కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిపిన హంతకుల ముఖాలు ప్రపంచమంతా తెలిశాయి. అందరూ ఏడిపించి వెలివేసిన కుర్రాళ్లు పగ తీర్చుకున్నారన్న కథ మొదటి వారంలోనే పుట్టింది. ఆ తర్వాత దర్యాప్తులో అది నిలబడలేదు గానీ కథ మాత్రం చావలేదు. వాళ్లను ఆదర్శంగా పెట్టుకున్నవాళ్లు తర్వాత చాలాచోట్ల తేలారు. 2019లో న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులు జరిపిన హంతకుడే తనకు స్ఫూర్తి అని 2022 మేలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో పదిమందిని చంపినవాడు రాసుకున్నాడు. అది జరిగిన పదో రోజునే యువాల్డీ. అమెరికాలో ఒక సామూహిక హత్యాకాండ జరిగాక దాదాపు 13 రోజుల పాటు అలాంటిది ఇంకొకటి జరిగే అవకాశం పెరుగుతోందని 2015లో ఒక పరిశోధన చెప్పింది. ఆ లెక్క మీద వాదనలున్నాయి. ఉన్నా సరే, ఆ ముఖాన్ని పదే పదే చూపించి మనకు ఒరిగేదేమిటి?

పేరు అసలే వద్దనే మూర్ఖపు పట్టు నాకు లేదు. దర్యాప్తు వార్తకు పేరు కావాలి. ఒక్కసారి, లోపలి పేరాలో, మామూలు అక్షరాల్లో రాయండి. హెడ్డింగులో వద్దు, ఫొటో వద్దు, అతను రాసుకున్న 'ప్రకటన' అసలే వద్దు. 2012లో అమెరికాలోని అరోరాలో, సినిమా హాల్లో జరిగిన కాల్పుల్లో కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు అమెరికన్ మీడియాను అప్పట్నుంచీ అడుగుతున్నది ఇదే. క్రైస్ట్‌చర్చ్ దాడి తర్వాత నాటి న్యూజీలాండ్ ప్రధాని జసిండా ఆర్డర్న్ పార్లమెంటులో నిలబడి, అతని పేరు తన నోట రాదన్నారు. న్యూజీలాండ్ పెద్ద మీడియా సంస్థలు అయిదు కలిసి కూర్చుని విచారణ వార్తలు ఎలా ఇవ్వాలో ఒప్పందం రాసుకున్నాయి. ఈ లేఖలో నేను ఇప్పటిదాకా ఒక్క హంతకుడి పేరూ రాయలేదు. చదవడానికి ఎక్కడైనా అడ్డం వచ్చిందా?

పోటీ ఉంది, మేం వేయకపోతే పక్క ఛానల్ వేస్తుంది అంటారు. నేనూ విన్న మాటే. కానీ కలిసి ఆగడం మనకు తెలియని విద్యేమీ కాదు. 2008 ముంబై దాడుల్లో లైవ్ కవరేజీ చూసుకుంటూ పాకిస్తాన్ నుంచి దాడిని నడిపించారని సుప్రీంకోర్టు 2012 తీర్పులో ఛానళ్లను గట్టిగానే మందలించింది. ఆ తర్వాత ఉగ్రవాదులతో పోరాటాన్ని లైవ్ ఇవ్వకూడదని 2015లో కేబుల్ టీవీ నిబంధనల్లో చేర్చారు. ఆ నిబంధన వచ్చినందుకు ఎవరి రేటింగూ కూలిపోలేదు. ఆత్మహత్యల వార్తలు ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలిచ్చింది. అవి పాటించేది అంతంతమాత్రమే, అది వేరే సంగతి.

చిన్న ఊరు అన్న సంగతిని మన కాపీలో 'ప్రశాంతమైన పట్టణం ఉలిక్కిపడింది' అన్న ముక్కతో సరిపెడతాం. కథంతా అక్కడే ఉంది. పెద్ద నగరంలో చనిపోయినవాళ్లు, చంపినవాడు, ఆపలేకపోయిన పోలీసు ఒకరికొకరు ఏమీ కారు. యువాల్డీలో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. చనిపోయిన ఇద్దరు టీచర్లలో ఒకరి భర్త స్కూలు పోలీసు. దెబ్బ తగిలి పడి ఉన్న భార్య ఆయనకు ఫోన్ చేసింది. తోటి పోలీసులు ఆయన్ని లోపలికి పోనివ్వలేదు. రెండో టీచర్ భర్త రెండు రోజులకే గుండె ఆగి పోయారు. నడవాలో నిలబడిపోయిన పోలీసుల్లోనూ ఆ ఊరివాళ్లున్నారు, అదే కొట్లో సరుకులు కొనేవాళ్లు, అదే చర్చికి వెళ్లేవాళ్లు. పిల్ల పోయిన తల్లి ఆదివారం పూట వాళ్లకు ఎదురుపడాలి.

ఆ ఊళ్లో వారానికి రెండుసార్లు వచ్చే చిన్న పత్రిక ఒకటుంది, యువాల్డీ లీడర్-న్యూస్. కాల్పుల తర్వాత గురువారం సంచిక మొదటి పేజీ మొత్తం నలుపు. ఫొటో లేదు, హెడ్డింగ్ లేదు, వార్త లేదు. నలుపు మీద తెల్లటి అక్షరాల్లో తేదీ మాత్రం. ఆ పత్రికలో పనిచేసే ఒక విలేకరి కూతురు కూడా పోయినవాళ్లలో ఉంది. తమ ఊరి వార్త ఎలా ఇవ్వాలో వాళ్లకు తెలియక కాదు ఆ పేజీ అలా వచ్చింది. అదే వారం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన కెమెరాలు ఆ ఊరి వీధుల్ని ఆక్రమించాయి. అంత్యక్రియల దగ్గర దుఃఖంలో ఉన్నవాళ్లకు అడ్డంగా నిలబడి విలేకరుల్ని ఆపడానికి బైకర్ల బృందాలు రావాల్సి వచ్చింది. మనం హైదరాబాద్‌లో కూర్చుని ఆ ఫీడ్ తీసుకుంటాం కాబట్టి మన చేతికి మట్టి అంటలేదనుకుంటాం. ఆ ఏడుపు విజువల్‌ని అయిదు సెకన్లకోసారి లూప్‌లో తిప్పేది మనమే కదా.

ఇలాగే ఉండాలని రూలేమీ లేదు. 1996 మార్చి 13న స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్‌లో బడి జిమ్‌లో పదహారు మంది పిల్లలు, వాళ్ల టీచరు చనిపోయారు. అయిదారేళ్ల పిల్లలు. వందలాది విలేకరులు ఆ చిన్న ఊళ్లోకి దిగారు. అంత్యక్రియలు మొదలయ్యే ముందు, ఊరివాళ్లు కోరితే, దాదాపు అందరూ సామాను సర్దుకుని వెళ్లిపోయారు. అప్పట్లో బ్రిటిష్ టాబ్లాయిడ్ల పేరెలాంటిదో మీకు తెలుసు. వాళ్లే వెళ్లిపోయారంటే! అదే బ్రిటన్‌లో 2009లో సండే ఎక్స్‌ప్రెస్ పత్రిక ఏం చేసిందో కూడా చెప్పాలి. డన్‌బ్లేన్‌లో ప్రాణాలతో బయటపడ్డ పిల్లలకు అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయి. వాళ్ల సోషల్ మీడియా పేజీలు తవ్వి, తాగుతున్నారు, జోకులేస్తున్నారు, ఊరి పరువు తీస్తున్నారని మొదటి పేజీలో రాసింది. జనం ఛీకొట్టాక క్షమాపణ చెప్పుకుంది, ప్రెస్ కంప్లెయింట్స్ కమిషన్ కూడా తప్పుపట్టింది. బతికి బయటపడ్డ పిల్లవాడు జీవితాంతం విచారంగా ఉంటేనే మనకు నచ్చుతుందా?

ఆస్ట్రేలియాలో పోర్ట్ ఆర్థర్ అని టాస్మేనియాలో పాత జైలు ఉన్న పర్యాటక స్థలం. 1996 ఏప్రిల్ 28న అక్కడ 35 మంది చనిపోయారు. రెండు వారాలు తిరక్కుండానే దేశమంతటికీ ఒకే తుపాకి చట్టం మీద ఒప్పందం కుదిరింది, ప్రభుత్వం ఆరు లక్షలకు పైగా తుపాకులు కొని నాశనం చేసింది. ఈ కథ మనం చాలాసార్లు చెప్పుకున్నాం. నాకు అంతకన్నా గుర్తుండిపోయింది ఇంకో చిన్న విషయం. అక్కడికొచ్చే సందర్శకులకు ఒక విన్నపం ఉంటుంది: ఆ రోజు గురించి మా సిబ్బందిని అడగొద్దు, వాళ్లలో చాలామంది స్నేహితుల్ని, తోటి ఉద్యోగుల్ని, బంధువుల్ని పోగొట్టుకున్నవాళ్లు, కావాలంటే వివరాల కరపత్రం తీసుకోండి అని. కాల్పులు జరిగిన కేఫ్ గోడలు కొన్ని ఉంచి, పక్కన స్మారక తోట పెంచారు.

టీవీ మిత్రులకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. 2023 అక్టోబరు 25న మేన్ రాష్ట్రంలోని లూయిస్టన్‌లో ఒక బౌలింగ్ కేంద్రంలో, ఒక బార్‌లో పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లలో నలుగురు బధిరులు. దుండగుడు దొరక్క ఊరంతా రెండు రోజులు తలుపులేసుకుని ఉంటే, అధికారుల ప్రెస్‌మీట్లే వాళ్లకు దిక్కు. పక్కన సంజ్ఞా భాషలో చెప్పే మనిషి నిలబడే ఉన్నా, కెమెరాలు మాట్లాడే అధికారి ముఖం మీదికే జూమ్ చేస్తున్నాయి. చివరికి అధికారే మైకులో అడగాల్సి వచ్చింది, దయచేసి ఆమెను ఫ్రేములో ఉంచండి, చనిపోయినవాళ్లలో నలుగురు ఆ సమాజం వాళ్లని. మన స్టూడియోల్లో ఆ ఫీడ్ మీద రెండు స్క్రోళ్లు, ఒక బ్రేకింగ్ ప్లేటు, పక్కన ప్రకటన వేశాక ఆ మనిషి ఎక్కడుంటుంది?

ఒక లెక్క గురించి చిన్న మాట. 'ఈ ఏడాది ఇది రెండొందల కాల్పుల ఘటన' అని రాస్తుంటాం. అది అమెరికాలో తుపాకి ఘటనల్ని నమోదు చేసే గన్ వయొలెన్స్ ఆర్కైవ్ అనే సంస్థ లెక్క. దుండగుణ్ని వదిలేసి నలుగురికి తూటా తగిలితే చాలు, ఎవరూ చనిపోకపోయినా ఆ లెక్కలోకి వస్తుంది. అలా చూస్తే 2020 నుంచి 2023 దాకా ఏటా ఆరువందలు దాటాయి. నలుగురు చనిపోతేనే లెక్కపెట్టే పద్ధతిలో చూస్తే అంకె చాలా చిన్నది. ఏ లెక్కో చెప్పకుండా అంకె వేస్తే ఏదైనా నిరూపించొచ్చు. అమెరికాలో తుపాకి చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే అన్నది మాత్రం ఈ ప్యానెల్ చర్చల్లో ఎప్పుడూ రాదు.

ఇప్పుడు అసలు విషయం, తర్వాత పెరగండి అన్నాను కదా. కెమెరాలు వెళ్లిపోయాక ఊళ్లో ఏం జరుగుతుందో చూస్తే, జర్నలిస్టుగా మీకు ఆకలి పుట్టాలి.

న్యూటౌన్‌కి ప్రపంచం బొమ్మలు పంపింది. టెడ్డీ బేర్లే అరవై వేలకు పైగా వచ్చాయి. ఆ ఊరి జనాభా ముప్పై వేలు కూడా లేదు. గోదాముల్లో కుప్పలు పడ్డాయి, విడదీసి పంచడానికి వాలంటీర్లు కావాల్సి వచ్చింది, ఇక పంపొద్దు మహాప్రభో అని ఊరు బతిమాలుకుంది. వీధుల్లో పేరుకున్న పూలు, కాగితాలు చెత్తలో వేయడానికి మనసొప్పక, వాటిని మట్టిలో కలిసే పొడిగా మార్చి స్మారకం కోసం దాచారు. కోటి డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. ఎవరికెంత ఇవ్వాలన్న దగ్గర గొడవలయ్యాయి. పిల్ల పోయిన ఇంటికా, గాయపడ్డవాళ్లకా, పక్క గదిలో దాక్కుని అంతా విన్న పిల్లలకా? 2013లో బడిని కూల్చేశారు. ఇటుక ముక్క కూడా ఎవరూ జ్ఞాపికగా పట్టుకెళ్లి అమ్ముకోకుండా అక్కడే పొడి చేయించారు, పనివాళ్లతో రహస్యం పాటిస్తామని సంతకాలు పెట్టించుకున్నారు. హంతకుడి ఇల్లు బ్యాంకు చేతికొస్తే బ్యాంకు ఊరికిచ్చేసింది, ఊరు 2015లో దాన్నీ కూల్చింది. స్మారకం తెరవడానికి 2022 నవంబరు దాకా, అంటే దాదాపు పదేళ్లు పట్టింది. నీటి మధ్యలో చెట్టు, చుట్టూ ఇరవై ఆరు పేర్లు. ప్రారంభానికి ఆర్భాటం లేదు.

టెక్సస్‌లోనే సదర్లాండ్ స్ప్రింగ్స్ అని ఒక పల్లె, కొన్ని వందల మంది ఉంటారు. 2017 నవంబరులో ఆదివారం ప్రార్థనలో ఉండగా కడుపులో ఉన్న బిడ్డతో కలిపి ఇరవై ఆరు మంది పోయారు. పల్లెలో అంతమందంటే ఎంతో లెక్క వేసుకోండి. దుండగుడు వైమానిక దళంలో పనిచేస్తూ ఇంట్లోవాళ్లను హింసించి శిక్షపడ్డవాడు. ఆ శిక్ష వివరాలు వైమానిక దళం ఎఫ్‌బీఐకి పంపి ఉంటే అతనికి కొట్లో తుపాకి అమ్మేవాళ్లు కాదు. కుటుంబాలు కోర్టుకెళ్లాయి. 2021లో జడ్జి ప్రభుత్వానిదే 60 శాతం బాధ్యత అన్నారు, 2023లో 14.45 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. పంపని కాగితం మీద నడిచిన కేసు ఇది. ఇక ఆ పాత చర్చి భవనం మీద ఊరే రెండుగా చీలింది. స్మారకంగా ఉంచాలని కొందరు, అటువైపు చూడలేకపోతున్నాం తీసేయండని కొందరు. కోర్టు దాకా వెళ్లింది, 2024లో కూల్చేశారు. ఇద్దరిదీ దుఃఖమే, ఎవరిది తప్పని రాస్తాం?

యువాల్డీలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే వయసు 18 నుంచి 21కి పెంచమని తల్లిదండ్రులు టెక్సస్ రాజధానికి తిరిగి తిరిగి అలిసిపోయారు. హంతకుడు పద్దెనిమిదేళ్లు నిండగానే కొట్టుకెళ్లి చట్టప్రకారమే కొన్నాడు మరి. అదే కౌంటీ, కాల్పులైన ఆరు నెలలకే వచ్చిన ఎన్నికల్లో, వయసు పెంచడానికి ఒప్పుకోని గవర్నర్‌కే మెజారిటీ ఇచ్చింది. కూతుర్ని పోగొట్టుకుందని నేను చెప్పిన ఆ విలేకరి 2023లో మేయర్ పదవికి నిలబడి ఓడిపోయింది. అమెరికన్లకు తుపాకి పిచ్చి అని ప్యానెల్‌లో ఒక్క మాటలో తేల్చేసేవాళ్లకు ఈ రెండు ఫలితాలు అర్థం కావు. వేట, పొలం, సరిహద్దు భయం, తాత ఇచ్చిన రైఫిల్, కూతురి సమాధి, అన్నీ ఒకే ఇంట్లో ఉండే చోటది.

లూయిస్టన్‌లో దుండగుడి మనఃస్థితి బాగోలేదని ఇంటివాళ్లూ, తోటి రిజర్వ్ సైనికులూ ముందే చెప్పారు. ఆయుధాలు తీసేసుకోవడానికి పోలీసులకు చాలినంత కారణం ఉందని స్వతంత్ర కమిషన్ 2024 ఆగస్టులో తేల్చింది. మరుసటి ఏడాది మేన్ ఓటర్లు, ప్రమాదం అనిపిస్తే ఇంటివాళ్లే నేరుగా కోర్టుకెళ్లి తుపాకులు తీయించే చట్టానికి ఓటేశారు. ఆ బౌలింగ్ కేంద్రం మళ్లీ తెరుచుకుంది. ఇందులో ఏది మన తెలుగు ప్రేక్షకుడికి చేరింది? పోనీ ఆసక్తి ఉండదంటారా? అక్కడే బడికి వెళ్లే మనవళ్లున్న తాతలు, అవ్వలు మన ప్రేక్షకులు. బడిలో దుండగుడొస్తే దాక్కునే 'లాక్‌డౌన్ డ్రిల్' చేశామని, లైట్లు ఆపేసి మూలన కూర్చోబెట్టారని అయిదేళ్ల పిల్ల వీడియో కాల్‌లో చెప్తే ఏమనాలో తెలియక ఫోన్ కూతురికి ఇచ్చేసే పెద్దవాళ్లు. వాళ్లకు ఆ దేశం ఏం చేస్తోందో, ఏం చేయలేకపోతోందో ఎవరు చెప్పాలి?

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఈసారి ఫ్లాష్ పడ్డ రోజు షిఫ్ట్‌లో ఉన్న సబ్ ఎడిటర్లలో ఒకరికి ఆ ఊరు అప్పగించండి. ఆ ఊరి సొంత పత్రిక ఏదో వెతికి రోజూ చూడమనండి. ఏజెన్సీ కాపీ కన్నా అదే ముందు చెప్తుంది, నింపాదిగానూ చెప్తుంది. నెలకో, రెండు నెలలకో ఒక ఫాలోఅప్ రాయించండి. దర్యాప్తు నివేదిక వచ్చినప్పుడు, కోర్టు తీర్పు వచ్చినప్పుడు, బడి మళ్లీ తెరిచినప్పుడు. అమెరికాలో ఉన్న మన స్ట్రింగర్‌ని 'మనవాళ్లు క్షేమం' అని ఫోనో ఇవ్వడానికి మాత్రమే కాక, ఆరు నెలల తర్వాత వీలైతే ఆ ఊరికి ఒకసారి వెళ్లి రమ్మనండి, కెమెరా కారులోనే వదిలి. ఇక్కడ మన అమ్మాయో అబ్బాయో పోయిన ఇంటికి రిపోర్టర్‌ని పంపితే, తలుపు తీసినవాళ్లు మాట్లాడలేమంటే తిరిగొచ్చేయమని ముందే చెప్పి పంపండి. తిరిగొచ్చినందుకు డెస్క్‌లో ఎవరూ కేకలేయకూడదని కూడా.

మీ ఛానల్‌కో, వెబ్‌సైట్‌కో దీని మీద ఇప్పటికే రాతపూర్వక నియమాలుంటే బయటపెట్టండి, ప్రేక్షకులు చదువుకుంటారు. లేకపోతే రాసుకోండి. రెండు పేజీలు చాలు. రాసే పనిలో ముసలి సబ్ ఎడిటర్ ఒకడు కూర్చుంటే పనికొస్తాడనుకుంటే పిలవండి, వస్తాను.

ఇట్లు,
విదేశీ వార్తల డెస్క్ పాత ఉద్యోగి